పోర్షే ఇంజిన్‌లో అంత డబ్బు ఎక్కడుంది?

ప్రశ్న: డల్లాస్‌లో ఉద్యోగం. స్పోర్ట్స్ కారు కొనాలని ఎప్పట్నుంచో ఉంది. కొత్త సుబారు బీఆర్‌జెడ్ టెస్ట్ డ్రైవ్ చేశాను. మా ఆఫీసులో ఒకాయన తన నాలుగు సిలిండర్ల పోర్షే 718 కేమన్ కూడా నడపనిచ్చారు. రెండూ ఫ్లాట్ ఇంజిన్లే (సిలిండర్లు నిలువుగా కాకుండా రెండు పక్కలకూ పడుకుని ఉండేవి) అయినా కేమన్ పికప్ ముందు బీఆర్‌జెడ్ తేలిపోయింది. ధర మాత్రం రెట్టింపు పైమాటే. ఆ తేడా ఇంజిన్‌దా, పేరుదా?

జవాబు: మీకు తెలిసిన ఆ తేడా చాలావరకు టర్బోది. బీఆర్‌జెడ్‌ది టర్బో లేని 2.4 లీటర్ల ఇంజిన్. 228 హార్స్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. మీరు నడిపింది బేస్ కేమన్ అయితే దాని ఇంజిన్ ఇంకా చిన్నది, 2 లీటర్లే. కానీ టర్బో గాలిని కుక్కి పంపుతుంది కాబట్టి 300 హార్స్ పవర్, 380 న్యూటన్ మీటర్లు. ఆ 380 కూడా 1950 ఆర్పీఎంకే (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) చేతికొస్తుంది. కాలు అలా ఆనించగానే వీపు సీటుకు అతుక్కుపోవడం అందుకే.

నేను నడిపేది 2013 మోడల్ బీఆర్‌జెడ్, పాత 2 లీటర్ల ఇంజిన్. దాని సంగతి వేరు. 3500 నుంచి 4500 ఆర్పీఎం దాకా టార్క్ గుంటలో పడుతుంది. ర్యాంపు ఎక్కి హైవేలో కలుస్తుంటాం, పక్క లేన్లో ట్రక్కు తరుముకొస్తుంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే శబ్దమే పెరుగుతుంది గానీ బండి ఊపందుకోదు. గేరు దించి ముల్లును 6000 దాటిస్తే అప్పుడు నిద్ర లేస్తుంది. కొత్త 2.4లో పూర్తి టార్క్ 3700కే వస్తుంది. పాతది నడిపి తిట్టుకున్నవాళ్లు కొత్తదాన్ని ఒకసారి నడిపి చూడాలి.

టర్బోను, టర్బో లేనిదాన్ని పోల్చడం న్యాయం కాదు. బీఆర్‌జెడ్ పక్కన పెట్టాల్సింది 718 జీటీఎస్ 4.0. అదీ టర్బో లేనిదే. 4 లీటర్లు, ఆరు సిలిండర్లు, 394 హార్స్ పవర్. ఇప్పుడు లీటరు చొప్పున లెక్కేయండి: పోర్షేకు 98, సుబారుకు 95. ఇంకో లెక్క కూడా చూడండి. సుబారు పిస్టన్ 86 మిల్లీమీటర్లు కదులుతుంది, గరిష్ఠం 7500 ఆర్పీఎం. పోర్షేది 81.5 మిల్లీమీటర్లు, 7800. సగటు పిస్టన్ వేగం రెంటికీ సెకనుకు 21 మీటర్ల పైచిలుకే. అంటే చవక ఇంజిన్ కూడా ఖరీదైనదానంత గట్టిగానే పనిచేస్తోంది. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు కాలిక్యులేటర్ తప్పు చెప్తోందనుకున్నాను!

మరి డబ్బు ఎక్కడికి పోయింది? మొదట ఆ రెండు అదనపు సిలిండర్లలోకి. ఫ్లాట్ ఫోర్‌లో ఎదురెదురు పిస్టన్లు ఒకదాని తోపును ఇంకొకటి ఆపుతాయి గానీ, రెండూ సరిగ్గా ఒకే గీత మీద ఉండవు. వాటి మధ్య ఉన్న ఆ కాస్త ఎడం వల్ల ఇంజిన్ అటూ ఇటూ మెలి తిరగబోతుంది. ఆరు సిలిండర్లలో అదీ రద్దయిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేరు రాడ్ మీద చెయ్యి వేసి చూడండి, తెలుస్తుంది. తర్వాత ఆయిల్. జీటీఎస్‌లో డ్రై సంప్, అంటే పంపులు ఆయిల్‌ను ఎప్పటికప్పుడు లాగి ట్యాంకులోకి చేరుస్తాయి. బీఆర్‌జెడ్‌లో మామూలు సంప్, ఆయిల్ ఇంజిన్ అడుగునే ఉంటుంది. ఆఫీసుకు తిరగడానికి తేడా తెలియదు. ఆస్టిన్ ట్రాక్ మీద మంచి టైర్లేసుకుని పొడవాటి మలుపుల్లో తిప్పితే మాత్రం ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది, పంపుకు సరిగా అందదు. వెళ్లేముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) పై గీత దాకా పోయించండి.

నన్నడిగితే నాలుగు సిలిండర్ల కేమన్‌కు మాత్రం నేను డబ్బు పెట్టను. వేగం ఉంది, మలుపుల్లో మహా గొప్ప కారు, కానీ ఆ ఇంజిన్ శబ్దం వింటూ నెలనెలా వాయిదా కట్టాలంటే నా వల్ల కాదు. పోర్షేనే కావాలంటే ఇంకొన్నాళ్లు ఆగి ఆరు సిలిండర్లదే వాడినది చూసుకోండి. పెట్రోల్ 718ల తయారీ 2025లో ఆగిపోయింది కాబట్టి ఎలాగూ కొత్తది దొరకదు. అంత ఓపిక లేదంటే బీఆర్‌జెడ్ తీసుకుని, మిగిలిన దాంట్లో కొంత టైర్లకూ బ్రేక్ ప్యాడ్లకూ పెట్టండి. కొనేముందు సర్వీస్ వాళ్లను స్పార్క్ ప్లగ్గుల మార్పుకు కూలీ ఎంతో అడగండి. ఫ్లాట్ ఇంజిన్‌లో ప్లగ్గులు పక్కలకు, ఛాసిస్‌ను ఆనుకుని ఉంటాయి. చెయ్యి దూరే సందు కూడా ఉండదు.

ప్రశ్న: మన దగ్గర తక్కువలో ఫ్లాట్ ఇంజిన్ బండి దొరుకుతుందా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: కొత్త కారైతే తక్కువలో లేదు. బీఆర్‌జెడ్‌ను ఇక్కడ అమ్మరు. పాతవాటిలో షెవర్లే ఫారెస్టర్ ఉంది, అది సుబారు బండే, పేరు మార్చి అమ్మారు. స్పేర్ పార్టుల కోసం తిరిగే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. రెండు చక్రాలైనా ఫర్వాలేదనుకుంటే బీఎండబ్ల్యూ జీఎస్ పెద్ద బైక్‌లో ఉన్నదీ ఫ్లాట్ ఇంజినే, రెండు సిలిండర్లు రెండు పక్కలా బయటకే కనిపిస్తుంటాయి. ధర మాత్రం 20 లక్షలు దాటుతుంది, తక్కువ అనకండి.

ప్రశ్న: ఫెరారీ టెస్టరోసా కూడా బాక్సరేనా?

జవాబు: ఫ్లాటే గానీ బాక్సర్ కాదు. అందులో ఎదురెదురు పిస్టన్లు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద ఒకే పిన్‌కు తగిలించి ఉంటాయి, కాబట్టి రెండూ ఒకేసారి ఒకే వైపుకు కదులుతాయి. బాక్సర్‌లో దేని పిన్ దానిదే, రెండూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి.