డిసెంబరు వద్దు, మే నెలలో రండి

చి.ల.సౌ. మాధవికి, మామయ్య ఆశీస్సులు.

డిసెంబరు సెలవుల్లో మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని దక్షిణాఫ్రికాకి, డర్బన్ వస్తామని, ఊరి పక్కనున్న ఉమ్‌హ్లాంగాలో సముద్రం ఎదురుగా గది చూస్తున్నామని రాశావు. సంతోషం. కానీ టికెట్లు అప్పుడే తియ్యొద్దు.

ఫోన్‌లో చూసి "28 డిగ్రీలే కదా" అనుకుని ఉంటావు. నేనూ అలాగే అనుకుని అమ్మని మొదటిసారి డిసెంబరులోనే రప్పించాను. 28 నిజమే, కానీ ఉక్కపోత అచ్చం మన వైజాగ్‌దే. ఉతికిన చీర రెండ్రోజులైనా ఆరలేదు. బీరువాలో పెట్టిన నా తోలు బూట్లకి బూజు పట్టింది. పొద్దున్న ఐదు కాకముందే తెల్లారిపోతుంది, ముసలివాళ్లకి నిద్ర ఉండదు. "ఈ చెమటకి ఇంత దూరం రావాలట్రా?" అంది అమ్మ. పైగా అప్పుడు ఇక్కడివాళ్లకీ సెలవులు, బీచ్‌లో కాలు పెట్టే చోటుండదు.

ఇక్కడ ఏడాదంతా తలకిందులమ్మా. సంక్రాంతి నడి వేసవిలో వస్తుంది, ఉగాది ఆకురాలే కాలంలో. 1860 నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన మనవాళ్ల వారసులు ఆ ఉగాదినే చేసుకుంటున్నారు. అక్టోబరు నుంచి మార్చి దాకా వానలు. ఎండ మండిన రోజు సాయంత్రం ఉరుములతో కురుస్తుంది, లేదంటే మూడ్రోజులు ముసురు పట్టి కూర్చుంటుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన వరదల్లో నాలుగు వందల మందికి పైగా పోయారు. అందుకే పెద్ద వాన పడ్డాక కొన్నాళ్లు నదీ ముఖాల దగ్గర నీళ్లలోకి దిగొద్దంటాను.

మే నెల వేరు. వానలు వెనక్కి తగ్గుతాయి, పగలు 24-25, రాత్రి 14 దాకా. ఉత్తరం నుంచి వచ్చే అగుల్హాస్ ప్రవాహం వెచ్చనిది కాబట్టి సముద్రం చలికాలంలో కూడా 20 పైనే ఉంటుంది. మీ మామగారు హాయిగా నడుస్తారు. జూన్, జులై కూడా బాగుంటాయి గానీ సాయంత్రం ఐదింటికే చీకటి. ఇళ్లలో హీటర్లు ఉండవు, గచ్చు చల్లగా కొడుతుంది, అత్తగారికి మేజోళ్లు తెచ్చుకోమను. ఆ రోజుల్లోనే సార్డీన్ చేపలు గుంపులుగా తీరానికొస్తాయి, వాటి వెంట సొరచేపలు. స్నానాల చోటికి సొరచేపలు రాకుండా కట్టిన వలల్లో అవన్నీ చిక్కుకోకుండా, అప్పుడు వలలు తీసేసి, స్నానాలు ఆపేస్తారు. పిల్లలు ఏడ్చినా వినొద్దు.

ఇంకోటి, గాలి. చలికాలంలో ఒక్కోరోజు పడమటి కొండల మీంచి పొడి వేడిగాలి దిగుతుంది. బెర్గ్ విండ్ అంటారు. జులైలో కూడా ముప్పై దాటిస్తుంది. స్వెటర్లు పెట్టెలో పడేస్తారు జనం. అది ఉన్నట్టుండి నైరుతికి తిరిగిందంటే కాసేపట్లోనే పది డిగ్రీలు పడిపోతుంది, వెంటే వాన. కాబట్టి ఏ నెలైనా బయటికెళ్తే ఒక పల్చటి కోటు సంచిలో ఉండాలి.

బాల్కనీ తలుపు తెరిచిపెట్టి వెళ్లొద్దు, కోతులొచ్చి పళ్లన్నీ ఎత్తుకుపోతాయి. కరివేపాకు, మునక్కాయలు ఇక్కడే దొరుకుతాయి, మోసుకురాకు. ఆవకాయ మాత్రం తే. అల్లుడుగారికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో కనుక్కుని ఫోన్ చెయ్యి, గది నేను చూసిపెడతాను.

మీ మామయ్య