పిల్లలకు పేరుతో పాటు ఒక ప్రశ్న కూడా ఇచ్చి పంపండి

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ప్రముఖుల జీవితాలను ప్రాజెక్టు పనిగా ఇస్తే, ఇంట్లో ఎవరో ఫోన్‌లో చూసి రాసిచ్చిన కాగితం తెచ్చి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి కూర్చుంటున్నారని, దీన్ని ఎలా మార్చాలని మీరు అడిగారు. హనుమకొండ జిల్లాలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్లుగా ఈ పని చేయిస్తున్న ఉపాధ్యాయురాలిగా నేను గమనించింది చెబుతాను. పేరు మాత్రమే ఇచ్చి పంపితే కాగితమే వస్తుంది. పేరుతో పాటు పిల్లలకు నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న ఒకటి ఇస్తే, జవాబు ఎక్కడ దొరుకుతుందో వాళ్లే వెతుక్కుంటారు, దొరికినదాన్ని తమ మాటల్లోనే చెబుతారు.

పీవీ నరసింహారావు గారి గురించి రాసుకుని రమ్మంటే తరగతిలోని కాగితాలన్నీ 1921 జూన్ 28న జన్మించారన్న వాక్యంతోనే మొదలవుతాయి. ఒక ఏడాది నేను "పీవీ గారిది ఏ ఊరు?" అని మాత్రమే అడిగి పంపాను. మరునాడు కొందరు లక్నేపల్లి అన్నారు, కొందరు వంగర అన్నారు. నర్సంపేట వైపు చుట్టాలున్న ఒక అబ్బాయి "మా తాత చెప్పిండు టీచర్, లక్నేపల్లే" అని పట్టుబట్టాడు. వంగర అన్న అమ్మాయి తన చేతిలోని పుస్తకం తెరిచి చూపించింది. ఎవరిది ఒప్పో చెప్పకుండా ఇద్దరినీ ఒక జట్టు చేసి, రెండూ నిజమే అయితే అది ఎలా కుదురుతుందో కనుక్కుని రమ్మన్నాను. ఆయన లక్నేపల్లిలో పుట్టి, చిన్నతనంలోనే వంగరలోని కుటుంబానికి దత్తత వెళ్లారని తెలుసుకుని వచ్చి, నల్లబల్ల మీద రెండు ఊళ్లనూ గుర్తించి, వాటి మధ్య గీత గీసి మరీ వివరించారు. కన్నతల్లిని విడిచి వెళ్లేటప్పుడు ఏడ్చారా అని వెనుక బెంచీ నుంచి ఒకరు అడిగితే, ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి "అది పుస్తకంల లేదు" అంది. ఊహించి చెప్పకుండా, దొరికినంత వరకే చెప్పి ఆగిన ఆ జవాబు విని నాకు కలిగిన సంతోషం ఎంతటి చక్కని చార్టు చూసినా కలగలేదు.

రాణీ రుద్రమదేవి విషయంలో ఇది మరీ అవసరం. సినిమాల్లో, సీరియళ్లలో చూసిన సన్నివేశాలను పిల్లలు చరిత్రగా చెబుతారు, ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన పుట్టినతేదీని రాసుకొస్తారు. ఆమె పుట్టిన తేదీ చెప్పే శాసనం లేదు. ఆమె మరణాన్ని తెలిపేది నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. అందువల్ల ఆమె మీద మాట్లాడే పిల్లలకు నేను ఇచ్చే ప్రశ్న వేరు: శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగవారి పేరులా ఎందుకు ఉంది? దీనికి పదేళ్ల పిల్లలు చెప్పే కారణాలు, ముఖ్యంగా ఆడపిల్లలు చెప్పేవి, తప్పక వినదగినవి.

మొదట మన చుట్టుపక్కల వారినే ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అడగడానికి మనుషులూ వెళ్లి చూడడానికి చోట్లూ దగ్గర్లోనే ఉంటాయి. కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టిన కాళోజీ మన వరంగల్ కవి ఎలా అయ్యారని అడిగితే, పిల్లలు ఆయన కుటుంబం స్థిరపడిన మడికొండ దాకా వెళ్లక తప్పదు. చాకలి ఐలమ్మ గురించైతే పాలకుర్తి, రాయపర్తి వైపు ఊళ్లలో ఇంటి పెద్దలు చెప్పే మాటలే మొదటి ఆధారం. ఆమె గురించి చెప్పిన ఒక పాప ముసలమ్మ వేషం వేసుకోకుండా గుప్పెడు వడ్లు తెచ్చి బల్ల మీద పోసి, "గీ వడ్లు పండించినోళ్లవా, దొరవా?" అని తరగతినే అడిగింది. ఆ తర్వాత ఐలమ్మ పంటను లాక్కోవాలని చూసిన విసునూరు దేశ్‌ముఖ్ సంగతి నేను వేరుగా పాఠం చెప్పాల్సిన పని పడలేదు. వేషాలకు, అట్ట కిరీటాలకు తల్లిదండ్రుల చేత డబ్బు ఖర్చు పెట్టించడం కంటే ఇలాంటి వస్తువు ఒక్కటి తెమ్మనడం ఎంతో మేలు. అబ్దుల్ కలాం, సావిత్రీబాయి ఫూలే వంటి దూరపు వారిని తర్వాతి విడతకు ఉంచండి.

ఆధారాలకు నేను పెట్టే నియమం చిన్నది: ఒక పుస్తకం, ఒక మనిషి. ఫోన్ మూడోది మాత్రమే. హనుమకొండకు దగ్గరగా ఉన్నవారైతే 1904లో ఏర్పడిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి పిల్లలను ఒకసారి తీసుకెళ్లండి. పుస్తకం అడిగి తీసుకోవడం, విషయసూచికలో పేరు వెతకడం అక్కడ చేతులారా నేర్చుకుంటారు.

మాట్లాడే రోజున కాగితం చూడనివ్వకండి, అరచేతిలో ఇమిడే చీటీ మీద నాలుగైదు పదాలు రాసుకుంటే చాలు. చెబుతూ ఉండగా "వచ్చిండు", "పోయిండు" అన్న మాటలను ఆపి సరిదిద్దకండి. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రంలో పిల్లలు ఇంటి భాషలో చెప్పడాన్ని తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. రాతలో దిద్దుకోవడానికి వేరే గంట ఉంది.

ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో ప్రాజెక్టు పనికి ఇచ్చే మార్కులను నేను చార్టు అందానికి వేయను. తోటివారు అడిగిన ప్రశ్నలకు ఎలా జవాబిచ్చారు, ఇతరులు మాట్లాడినప్పుడు తాము ఏం అడిగారు అన్న రెండింటినీ చూసి వేస్తాను. పిల్లలు అడిగిన ప్రశ్నలను అదే రోజు వారి ప్రాజెక్టు నోటుబుక్కు చివరి పేజీలో రాయించి ఉంచితే, తనిఖీకి వచ్చిన అధికారులకు మార్కుల ఆధారం చూపడం సులువవుతుంది, మరుసటి ఏడాది తరగతికి ఇవ్వాల్సిన ప్రశ్నలు కూడా ఆ పేజీల్లోనే దొరుకుతాయి.