దండీల లెక్క, కండల ఓపిక

ఆరోగ్యం శీర్షిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, నాకు 24 ఏళ్లు. నల్లగొండలో ఉంటా, రెండేళ్లుగా జిమ్‌కు పోతున్నా. ఒక్క బిగిన 45 పుషప్స్ తీస్తా. మా బావమరిది 20 దాటడు. కానీ మొన్న మా ఇంటి స్లాబ్ వేసిన రోజు వాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇసుక తట్టలు మోశాడు, నేను గంటకే కూర్చుండిపోయాను. అసలు ఎవరికి ఓపిక ఎక్కువున్నట్టు? దీన్ని సరిగ్గా కొలిచే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: తమ్ముడూ, ఇద్దరికీ ఉంది, కాకపోతే వేర్వేరు చోట్ల ఉంది. ఓపిక అంటే ఒళ్లంతటికీ కలిపి ఒకే అంకె అనుకుంటాం, అక్కడే తప్పు జరుగుతుంది. నీ 45 పుషప్స్ నీ ఛాతీ, భుజాలు, మోచేతి వెనక కండరాల గురించి చెబుతాయి, అంతే. తట్ట మోసేటప్పుడు పనిచేసేది కాళ్లు, నడుము, పిడికిలి, వాటితోపాటు ఊపిరి, గుండె. పైగా బరువును ఒంటికి దగ్గరగా పెట్టుకుని నడిచే ఒడుపు ఒకటుంది, అది ఏళ్ల తరబడి మోస్తేనే వస్తుంది. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసిన పాలమూరు కూలీలు జిమ్ ముఖం చూసినవాళ్లు కాదు కదా.

మన మాటల్లోనే ఈ తేడా ఉంది. సత్తువ వేరు, ఓపిక వేరు. 50 కిలోల బస్తాను ఒక్కసారి లేపగలగడం సత్తువ. అందులో సగం బరువును ఆగకుండా ఎన్నిసార్లు లేపగలవు, లేదా ఎంతసేపు పట్టుకుని నిలబడగలవు అన్నది ఓపిక. ఈ రెండో దాన్నే కండరాల ఓర్పు అంటాం. ఇందులోనూ రెండు రకాలున్నాయి: మళ్లీ మళ్లీ చేసేది, కదలకుండా పట్టి ఉంచేది. పట్టి ఉంచినప్పుడు బిగిసిన కండరం తనలోని రక్తనాళాలనే నొక్కేస్తుంది, రక్తం సరిగ్గా అందదు, అందుకే మంట తొందరగా మొదలవుతుంది. నీ పిడికిలి పూర్తి బలంలో సగం బలంతో దేన్నైనా గట్టిగా పట్టుకుని చూడు, చాలామందికి ఒక నిమిషం అటూ ఇటూగా చెయ్యి వదులైపోతుంది.

ఇక కొలత సంగతి. నీ 45 విషయంలో నాకు వచ్చే మొదటి అనుమానం, అవి ఏ 45 అని. ఛాతీ ఎంత కిందికి దిగింది, పైకి వచ్చినప్పుడు మోచేతులు పూర్తిగా చాచావా, చివరి పదింటిలో నడుము వేలాడిందా, మధ్యలో పైన ఆగి ఊపిరి తీసుకున్నావా? ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలను చూస్తుంటాను. ఒకడు 60 అంటాడు, పక్కనుంచి చూస్తే సగం దాకా దిగినవే 40 ఉంటాయి. వాణ్ని తప్పుపట్టడం లేదు, ఎవరూ పక్కన నిలబడి చెప్పలేదు, అంతే. ఒక్కటే చెయ్యి: నేల మీద నీ ఛాతీ కింద పిడికిలి ఎత్తున ఏదైనా పెట్టు, ఛాతీ దానికి తాకితేనే ఒకటి. పైకి వచ్చాక మోచేతులు చాచాలి. తల నుంచి మడమ దాకా ఒకే గీతలా ఉండాలి. గీత చెడితే ఒక స్నేహితుడు హెచ్చరించాలి, రెండోసారి చెడితే లెక్క అక్కడికి ఆపేయాలి. ఇలా తీస్తే నీ 45 కాస్తా 28కి రావచ్చు. బాధపడకు, నీ అసలు అంకె అదే, ఇక నుంచి దాన్నే పెంచుకో. ఇంకో మాట, తాలింఖానాలో తీసే దండీ, ఈ పుషప్ ఒకటి కాదు. దండీలో ఒళ్లు వంపు తిరుగుతూ ముందుకు జారుతుంది, కాబట్టి రెండింటి లెక్కలు కలపొద్దు.

వేగం కూడా ముఖ్యమే. గబగబా తీస్తే ఊపు సాయం చేస్తుంది. అందుకే చాలా పరీక్షల్లో ఒకే లయలో టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్ పెడతారు, ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పొట్ట కండరాల కోసం చేసే ఒక పరీక్షలో నిమిషానికి 50 టిక్కులు పెట్టి, ఒక టిక్కుకు లేవడం, ఇంకో టిక్కుకు పడుకోవడం, అంటే నిమిషంలో 25. లయ తప్పితే ఆపేస్తారు.

మీ బావమరిదితో పోటీ విషయంలో ఒక చిక్కుంది, ఇది చాలామంది ట్రైనర్లు కూడా పట్టించుకోరు. అందరికీ ఒకే బరువు ఇచ్చి ఎన్నిసార్లు లేపుతారో చూడటం ఒక పద్ధతి. అమెరికాలో వైఎంసీఏ అనే సంస్థ వాళ్ల బెంచ్ ప్రెస్ పరీక్ష, అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టేది, ఇలాంటిదే: మగవాళ్లకు 80 పౌండ్లు, అంటే దాదాపు 36 కిలోలు, ఆడవాళ్లకు 35 పౌండ్లు, అంటే 16 కిలోలు, నిమిషానికి 30 సార్ల లయలో. ఇందులో సత్తువ ఎక్కువున్నవాడికి ఆ బరువు తేలిక, కాబట్టి సహజంగానే ఎక్కువసార్లు లేపుతాడు, అంటే నువ్వు కొలిచింది ఓపికా, సత్తువా అన్నది చెప్పలేం. రెండో పద్ధతిలో ముందు ఎవరి పూర్తి బలం ఎంతో చూసి, అందులో సగమో, 60 శాతమో వాళ్లకు ఇచ్చి లెక్కపెడతారు. ఇది అసలైన ఓపికకు దగ్గరగా ఉంటుంది. ఇలా కొలిచినప్పుడు, ముఖ్యంగా కదలకుండా పట్టి ఉంచే పరీక్షల్లో, ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువసేపు నిలబడతారని చాలా పరిశోధనల్లో తేలింది. నడుం వంచి పొద్దంతా నాట్లేసే అమ్మలను చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

మొదటి రోజు వచ్చిన అంకెను నమ్మకు. రెండోసారి చేస్తే ఒంటికి ఆ పని అలవాటై కాస్త పెరుగుతుంది, అది ఓపిక పెరగడం కాదు. రెండు మూడు రోజులు ఎడం ఇచ్చి రెండుసార్లు చేసి, రెండోదాన్ని రాసిపెట్టుకో. ఆరు, ఎనిమిది వారాల తర్వాత మళ్లీ అదే టైముకు, అదే నేల మీద, ముందు రోజు కాళ్లూ చేతులూ నొప్పెట్టే పని లేకుండా చెయ్యి. ఒకటి రెండు అటూ ఇటూ అయితే పట్టించుకోకు. మే నెలలో మన నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, డిసెంబర్‌లో తీసిన అంకెతో ఆ అంకెను పోల్చడంలో అర్థం లేదు, వేడిలో ఓపిక ఎవరికైనా తగ్గుతుంది. పందెం కట్టి వందలకు వందలు తీసి, మర్నాడు ఒళ్లు వాచి మూత్రం టీ డికాక్షన్ రంగులోకి వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. కండరం చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర స్కూల్లో టీచర్‌ని, 38 ఏళ్లు. బీపీ, షుగర్ ఏమీ లేవు. ఒక్క పుషప్ కూడా రాదు. నా ఓపిక సున్నా అనుకోవాలా? ఇంట్లోనే చూసుకునే పరీక్షలు చెప్పండి. మా అత్తమ్మకు 62, ఆమె కూడా చేస్తానంటోంది.

జవాబు: సున్నా ఎందుకవుతుంది చెల్లెమ్మా. పుషప్‌లో ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. 60 కిలోల మనిషి 40 కిలోలు నెట్టినట్టు. ఒక్కటీ రాలేదంటే అక్కడ మీకు తక్కువైంది సత్తువ, ఓపిక దాకా పరీక్ష వెళ్లనే లేదు. మోకాళ్లు నేలకు ఆనించి తీయండి, బరువు సగానికి దగ్గరగా దిగుతుంది, అప్పుడు లెక్క మొదలవుతుంది.

మీరు రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషి కాబట్టి పిక్కలది కూడా చూసుకోండి. గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మడమ పూర్తిగా లేపి దించడం. ఫిజియోథెరపీలో 25 సార్లు అనే అంకె చాలాకాలంగా వాడుకలో ఉంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గడం మామూలే. రెండు కాళ్లకూ విడిగా లెక్కపెట్టండి. కుడి 22, ఎడమ 11 వస్తే ఆ తేడా ముఖ్యం, ఒకసారి చూపించుకోండి.

అత్తమ్మకు కుర్చీ పరీక్ష చాలు. చేతులు లేని కుర్చీ, ఎత్తు 43 సెంటీమీటర్లు, గోడకు ఆనించి పెట్టండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లలో 12 కంటే తక్కువ వస్తే, మగవాళ్లలో 14 కంటే తక్కువ వస్తే సగటుకన్నా తక్కువ అంటారు. ఇవి అమెరికా పెద్దవాళ్ల మీద తీసిన అంకెలు. మన ఇళ్లలో ఇప్పటికీ కింద కూర్చుని లేచే అలవాటున్న అత్తమ్మలు ఎందరో ఉన్నారు, అందుకే నేను దీన్ని కేవలం ఒక గుర్తుగా చూస్తాను. మీరు పక్కనే నిలబడండి. ఊపిరి బిగబట్టొద్దని చెప్పండి, బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడే ఆపేయాలి.

ప్రశ్న: మా ఆఫీసులో ఐదు నిమిషాల ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని గీతలా నిలపడం) ఛాలెంజ్ పెట్టారు. నాకు రెండు నిమిషాలకే నడుము నొప్పి వస్తోంది. ప్రాక్టీస్ చేయాలా? – మిర్యాలగూడ

జవాబు: వద్దు. నడుము నొప్పి మొదలైందంటే పొట్ట కండరాలు వదిలేసి బరువు వెన్నెముక మీదికి వచ్చేసినట్టే. ఆ తర్వాత గడియారం చూపించే సెకన్లు కొలతలోకి రావు. నడుం గీత చెడిన క్షణమే మీ టైము. వెన్ను వైపు కండరాలకు వేరే పరీక్ష ఉంది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కాళ్లు, తుంటి కట్టి, నడుం పైభాగాన్ని బల్ల అంచు బయట గాలిలో సమంగా ఎంతసేపు నిలపగలరో చూస్తారు. గరిష్ఠం 240 సెకన్లు. 1984లో డెన్మార్క్ పరిశోధకుడు బీరింగ్ సోరెన్సన్ దీనితో కొలిచి చూస్తే, ఎక్కువసేపు నిలపగలిగిన మగవాళ్లకు ఆ తర్వాతి ఏడాదిలో కొత్తగా నడుము నొప్పి రావడం తక్కువగా కనిపించింది. దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి, ఫిజియోథెరపిస్టు దగ్గర చేయించుకోండి.

ప్రశ్న: మాది మర్రిగూడ వైపు. 46 ఏళ్లు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగాం. నడుము, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. మా అబ్బాయి ఈ పరీక్షలు చెయ్యమంటున్నాడు.

జవాబు: అన్నా, మీరు ఇవేవీ చేయొద్దు. పైన చెప్పినవన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం. మీ మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఎముకల్లో చేరుతుంది, కీళ్ల దగ్గరి బంధనాలు కూడా గట్టిపడతాయి. అప్పుడు మీరు కుర్చీలోంచి ఎనిమిదిసార్లకే ఆగిపోతే, ఆపింది కండరమా, కీలా అన్నది తెలియదు. కండరం బాగానే ఉండి కీలు వంగకపోయినా అంకె తక్కువే వస్తుంది. దాన్ని చూసి మీ అబ్బాయి ఓపిక లేదనుకుని ఇంకా ఎక్కువ చేయిస్తే మీకే నష్టం. ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. ఆయన సరేనంటే ఫిజియోథెరపిస్టు ఆరు నిమిషాల్లో సమతలం మీద ఎంత దూరం నడవగలరో కొలుస్తారు, మీ వేగంతో, అలసటగా ఉంటే ఆగుతూ. మీకు అది సరిపోతుంది. ఇంట్లో తాగడానికీ, వంటకూ ఇప్పటికీ బోరు నీళ్లే వాడుతుంటే వెంటనే మానేసి నల్లా కృష్ణా నీళ్లే వాడండి, పిల్లల విషయంలో అయితే ఒక్క రోజు కూడా ఆగకండి.