గోల్స్ పడకపోతే ఆట పోయినట్టేనా?

ప్రశ్న: మేం టొరంటోలో ఉంటాం. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఐస్ హాకీ అంటే ప్రాణం. వాడికి ఇష్టమైన ఫార్వర్డ్ గత 14 మ్యాచ్‌ల్లో ఒక్క గోలే కొట్టాడు. "ఇతని పనైపోయింది" అని నేనంటే, "పీడీఓ తక్కువుంది నాన్నా, గోల్స్ వస్తాయి చూడు" అంటాడు. ఏంటీ లెక్క? అదృష్టాన్ని కూడా కొలుస్తారా?

జవాబు: మీవాడి మాట నిజమయ్యే అవకాశం చాలానే ఉందండీ. అదృష్టాన్ని నేరుగా కొలవలేం గానీ, లెక్క మామూలు కంటే ఎంత పక్కకు జరిగిందో చూడొచ్చు, పీడీఓ చేసేది అదే. ఆ ఆటగాడు మంచు మీద ఉన్నంతసేపు మన జట్టు షాట్లలో నూటికి ఎన్ని గోల్స్ అయ్యాయి, అవతలివాళ్ల షాట్లలో నూటికి ఎన్నింటిని మన గోలీ (గోల్ కీపర్) ఆపాడు, ఈ రెండూ కలిపితే చాలు. కాగితం మీద వేసి చూడండి: మనవాళ్ల 100 షాట్లకు 6 గోల్స్, వాళ్ల 100 షాట్లకు 12 గోల్స్ పడితే గోలీ ఆపినవి 88, మొత్తం 94. లీగ్ అంతటికీ కలిపితే ఇది సరిగ్గా 100 వస్తుంది, ఎందుకంటే ఒకరు కొట్టిన ప్రతి గోలూ ఇంకొకరి గోలీ ఆపలేకపోయిన షాటే కదా. అందుకే 94లో ఉన్నవాడు చాలాసార్లు మెల్లగా పైకొస్తాడు, 105లో ఉన్నవాడు దిగుతాడు. గొప్ప గోలీ ఉన్న జట్టు మాత్రం 100కి కాస్త పైనే నిలబడగలదు.

ఫార్వర్డ్ విలియం కార్ల్‌సన్‌ని చూడండి. 2016-17లో కొలంబస్‌కి ఆడి 6 గోల్స్ కొట్టాడు, మరుసటి ఏడు వేగస్‌కి వెళ్లి ఏకంగా 43! జట్టులో మేటి ఆటగాళ్లుండే పై లైన్‌లో ఎక్కువసేపు ఆడే అవకాశం దొరికింది, అది అదృష్టం కాదు. కానీ 184 షాట్లలో 43 అంటే నూటికి 23 పైనే, ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో పదింట ఒకటి పడటమే మామూలు. ఆ తర్వాతి సీజన్‌లో 169 షాట్లకు 24 గోల్స్ వచ్చాయి. షాట్లు పెద్దగా తగ్గలేదు, లోపలికెళ్లేవే తగ్గాయి. అప్పుడు అతన్ని తిట్టినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేసింది.

మీ ఊరి జట్టు మేపుల్ లీఫ్స్‌కే 2013-14లో ఇలా జరిగింది. అవతలివాళ్లు మనకంటే ఎక్కువ షాట్లు కొడుతున్నా గోలీలు ఆపేస్తూ వచ్చారు, గెలుస్తున్నాం కదా అని అందరూ ధీమాగా ఉన్నారు. చివరి 14 మ్యాచ్‌ల్లో 12 ఓడిపోయి ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు.

అందుకని పీడీఓ ఒక్కటే చూడొద్దు, పక్కన కోర్సీ కూడా చూడండి. గోల్ మీదికి వెళ్లినవీ, గురి తప్పినవీ, మధ్యలో ఎవరో అడ్డుకున్నవీ, అన్ని షాట్ ప్రయత్నాలూ లెక్కేస్తారు. ఒకప్పుడు బఫెలో జట్టుకి గోలీ కోచ్‌గా ఉన్న జిమ్ కోర్సీ పేరే దీనికి పెట్టారు. ఒక ఆటగాడు మంచు మీదున్నప్పుడు పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎక్కువగా ఎవరి దగ్గరుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పక్ ఎవరి స్కేట్‌కో తగిలి లోపలికి దొర్లడం, గోల్ స్తంభానికి తగిలి బయటికి రావడం ఆటగాడి చేతిలో ఉండవు, షాట్ దాకా తీసుకెళ్లడం మాత్రం చాలావరకు అతని పనే.

ఈ 14 మ్యాచ్‌ల్లో అతను ఎన్ని షాట్లు కొట్టాడో మీవాణ్నే అడగండి. నలభై దాటితే ఓపిక పట్టండి. మామూలుగా బాగా షాట్లు కొట్టే ఆటగాడు పదిహేను దగ్గరే ఆగిపోయుంటే, గాయమో, లైన్ మార్చారో, ఆడే నిమిషాలు తగ్గాయో, కారణం అక్కడ వెతకాలి.