కుమ్మరులు మట్టిని కాళ్లతో ఎందుకు తొక్కుతారు? చేత్తో పిసికితే చాలదా?

చిన్న ముద్దకైతే చేతులు చాలు. కుండల పనికి ఒక్కసారే తట్టల కొద్దీ మట్టి కావాలి, దాన్ని కలపాలంటే ఒంటి బరువంతా పడాల్సిందే.

చెరువు మట్టిని ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, జల్లించి నానబెడతారు. తర్వాత నేల మీద అంటుకోకుండా కాస్త ఇసుకో బూడిదో చల్లి, మట్టిని పరిచి తొక్కుతారు. ఊరికే గెంతడం కాదు. మడమతో నొక్కుతూ నడిమి నుంచి అంచు దాకా చుట్టూ తిరగాలి, ఒక్కో అడుగు ముందరి అడుగును సగం కప్పాలి. పలచబడ్డాక మడిచి, కుప్ప చేసి, మళ్లీ మొదలు. దీంతో తడి అంతటా సమంగా పాకుతుంది, లోపలి గాలి బయటికి పోతుంది. పైగా గులకరాయి, వేరుముక్క, నానని గడ్డ ఏదున్నా పాదానికి ఇట్టే తగులుతాయి. ఏరకుండా వదిలేస్తే సారె (కుమ్మరి చక్రం) మీద తిరిగేటప్పుడు ఆ రాయే కుండ గోడను చీల్చేస్తుంది.

ఇసుక కూడా ఈ దశలోనే కలుపుతారు. వట్టి బంకమట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుని పగులుతుంది. వంటకుండలు పొయ్యి వేడికి తట్టుకోవాలి కాబట్టి వాటికి ఇసుక ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

చాలిందా లేదా తెలియాలంటే ముద్దను తీగతో కోసి చూడండి. రంధ్రాలు, రంగు చారలు కనిపిస్తే ఇంకో విడత తొక్కాలి.

రోజూ చేసేవాళ్లకు మోకాళ్ల నొప్పులు తప్పవు. స్తోమత ఉంటే పగ్‌మిల్ (మట్టిని కలిపి పిసికే యంత్రం) కొనుక్కోవడమే మేలు అంటాను. కాకపోతే అక్కడ రాళ్లు పాదానికి తగలవు కాబట్టి, అందులో వేసే మట్టిని ముందే మరింత సన్నగా జల్లించుకోవాలి.