పాప బురద మీద పరిశోధన చేస్తానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడం, మాది చిత్తూరు. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. కాలేజీ వాళ్లు కొంగలు చూపిద్దామని సూళ్లూరుపేట తీసుకెళ్లారు. అప్పటి నుంచి కొంగల మాటే లేదు, పులికాట్ సరస్సు బురద గురించే మాట్లాడుతోంది. ఇంజినీరింగ్ వద్దు, కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో చేరి చిత్తడి నేలల మీద పరిశోధన చేస్తానంటోంది. తిరుపతిలో సీఎస్ఈ ఏఐ (కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ) సీటు దొరికేలా ఉంది. రెండూ పోల్చి చెప్పండి. ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: సార్, ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. బురదకు బదులు నక్షత్రాలో, పాత శాసనాలో ఉంటాయి, అంతే తేడా. అందరూ పోల్చి చెప్పమంటారు. మనసులో ఉన్నది వేరే. పీహెచ్‌డీ అయ్యేసరికి పాపకు ఇరవై ఎనిమిది వస్తుంది, పెళ్లి ఎప్పుడు చేయాలి? చుట్టాలు అడిగితే ‘బురద చదువుతోంది’ అని ఎలా చెప్పాలి? ఇదే కదా?

ముందు ఆ బురద సంగతి వినండి. పులికాట్ అంచున కాలు దిగబడితే పైపొర కింద మట్టి నల్లగా ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మురికి అనుకుని కాలు కడుక్కుంటాం. నీళ్లలోని ఆక్సిజన్ అలాంటి మట్టిలోకి మామూలుగా కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. ఆ కింద బతికే సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండానే ఊపిరి తీసుకోవాలి. దాని బదులు ముందు నైట్రేట్ వాడుకుంటాయి. అది అయిపోతే మాంగనీసు, ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్. సల్ఫేట్ వాడుకునేవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ వాసన. అది ఇనుముతో కలిస్తే ఆ నలుపు. ఇవేవీ మిగలని చోట మీథేన్ పుడుతుంది.

పులికాట్‌లోకి సముద్రపు నీరు వస్తుంది, దానితో సల్ఫేటూ వస్తుంది. అందుకని మీథేన్ చేసే జీవులకు అక్కడ పెద్దగా సందు దొరకదు. మన ఊరి చెరువులోనో, నీళ్లు నిలిచిన వరిమడిలోనో అయితే వాటిదే రాజ్యం. నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఏ నేల ఎంత వదులుతోందో తెలియాలంటే ఎవరో ఒకరు గొట్టం పట్టుకుని బురదలోకి దిగాల్సిందే. 2012లో డెన్మార్క్ పరిశోధకులు సముద్రపు బురదలో కరెంటు తీగల్లా పనిచేసే బాక్టీరియా ఉందని ప్రకటించారు. పాప ఇష్టపడింది దీన్ని. చుట్టాలకు ‘కెమిస్ట్రీ’ అని చెప్పండి, అబద్ధం కాదు.

ఇక సీఎస్ఈ ఏఐ. నాకున్న అనుమానాలు దాచుకోను. బాగా నడిచే కాలేజీల్లో సీట్లకున్న పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఎత్తేసింది. సెక్షన్ల మీద సెక్షన్లు పుట్టుకొచ్చాయి. అన్ని సెక్షన్లకూ చెప్పగలిగిన వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? కొన్ని చోట్ల సిలబస్ పక్కపక్కన పెట్టి చూశాను, మామూలు సీఎస్ఈకీ దీనికీ తేడా నాలుగైదు సబ్జెక్టులే. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు అందులోనూ బాగుపడతారు, కాదనను. కానీ ఇష్టం లేకుండా చేరి, మూడో ఏడాదిలో అమ్మానాన్నలతో కలిసి నా ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలను చాలామందిని చూశాను. మీరు ‘సేఫ్’ అంటున్నది ఆ సీటునా, పక్కింటివాళ్లు కూడా అదే తీసుకున్నారన్న ధైర్యాన్నా?

పరిశోధన వైపు కూడా పూలబాట కాదు. ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు, ఆ పైన పీహెచ్‌డీ ఇంకో ఐదేళ్లు. పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అలవెన్సు వేరు. ఆ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. శాస్త్రవేత్త పోస్టులు తక్కువ. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం, చెన్నైలో తీరప్రాంత నిర్వహణ కేంద్రం, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే కెమిస్ట్రీ ఎంఎస్సీతోనే యూపీఎస్సీ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో కెమిస్టుగా చేరే దారి ఉంది. యూపీఎస్సీ అన్న మాట వినగానే మీ ముఖం వెలిగి ఉంటుంది, నాకు తెలుసు.

ఐసర్ రాకపోతే కొంప మునగదు. డిగ్రీలో కెమిస్ట్రీ గట్టిగా చదివి, ఎస్వీ యూనివర్సిటీలో ఎంఎస్సీ చేసి పరిశోధన వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు. డిగ్రీలోనే ‘క్లైమేట్’, ‘సస్టైనబిలిటీ’ అని పేరు పెట్టి అమ్మే ప్రైవేటు కోర్సుల జోలికి మాత్రం పోవద్దు. అన్నీ పైపైన చెప్తారు, ఏదీ చేతికి రాదు. పరీక్ష వివరాలు నేను చెప్పను, పాపకు నాకన్నా బాగా తెలిసి ఉంటాయి.

పెళ్లి సంగతి. కోపం తెచ్చుకోకండి సార్, పదిహేడేళ్ల పిల్ల చదువును పదేళ్ల తర్వాతి పెళ్లి చూపులతో ముడిపెట్టడం ఏం న్యాయం? ఇదే పాప ఇంజినీరింగ్ తర్వాత అమెరికాలో ఎంఎస్ అంటే అప్పు చేసైనా పంపేవారు. అప్పుడు వయసు గుర్తుకు రాదు! మీరు తిరుపతి వచ్చే దారిలోనే గాదంకి ఉంది. అక్కడి వాతావరణ పరిశోధన సంస్థలో పనిచేసే వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు.

ఒకటి చేయండి. ఆదివారం పాపతో దగ్గర్లోని చెరువుకు వెళ్లి రెండు దోసిళ్ల బురద తెండి. చింపిన న్యూస్‌పేపరు, ఒక గుడ్డు పచ్చసొన కలిపి పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో నింపి, పైన అదే చెరువు నీళ్లు పోసి, వెలుతురు వచ్చే కిటికీలో పెట్టండి. మీ ఇంట్లో గుడ్డు ముట్టరంటే చిటికెడు జిప్సం చాలు. ఒకటిన్నర, రెండు నెలల్లో మట్టిలో నలుపు, ఆకుపచ్చ, అదృష్టం బాగుంటే ఊదా పొరలు కనిపిస్తాయి. 1880లలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి ఇది. పాప రోజూ చూసి నోట్సు రాస్తోందా, వారానికే మర్చిపోయిందా గమనించండి. తర్వాత ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి. సీసా మూత మాత్రం వదులుగా ఉంచండి, లోపల గ్యాస్ పుడుతుంది. వంటింటి కిటికీ వద్దు, ఆ వాసనకు మీ ఇంట్లో ఆవిడ నన్ను తిట్టుకుంటారు.