క్రూజ్‌లో పాప తిండి గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ బుక్ చేశామని నువ్వు చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం కన్నా టెన్షనే ఎక్కువ వినిపించింది. పాపకి సీలియాక్ అని తేలాక ఇదే మొదటి పెద్ద ప్రయాణం కదా, ఆ మాత్రం భయం ఉంటుంది. నాకూ అదే జబ్బు, గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఒంటికి పడదు. ఏళ్ళ తరబడి దానితోనే ఓడలెక్కి తిరుగుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు, అల్లుడి చేత కూడా చదివించు.

ముందు ఒక మాట. గ్లూటెన్ పడనివాళ్ళకి కారులో ఊళ్ళు తిరగడం కన్నా క్రూజే నయం. రోడ్డు మీద పూటకో హోటలు, ప్రతిచోటా కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఓడలో వారమంతా అదే వంటగది, అదే టేబులు, అదే వెయిటరు. ఒకసారి సరిగ్గా చెప్పుకుంటే వారం హాయిగా గడిచిపోతుంది. ఆ చెప్పుకునే దగ్గరే మనకి మొహమాటం అడ్డొస్తుంది. ఎన్నిసార్లని అడుగుతాం, ఏమనుకుంటారో అని నోరు మెదపకుండా ప్లేటు వంక చూస్తూ కూర్చుంటాం. పాప విషయంలో ఆ మొహమాటం పక్కన పెట్టు. వాళ్ళు ఇలాంటి మాటలు రోజూ వింటారు. ముందుగా చెప్పినవాళ్ళంటే వాళ్ళకీ సుఖమే.

చెప్పడం ఓడ ఎక్కాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. క్రూజ్ కంపెనీకి ప్రత్యేక అవసరాల విభాగం ఉంటుంది. కనీసం నెలన్నర ముందే వాళ్ళకి ఈమెయిల్ పెట్టు. "డైట్" అన్న మాట అసలు వాడకు. బరువు తగ్గడానికి గ్లూటెన్ మానేసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఆ కోవలో వేసేస్తారు. డాక్టరు నిర్ధారించిన సీలియాక్ వ్యాధి అని, గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం మూడూ పడవని, వాటికి వాడిన గరిటె, నూనె, పెనం తగిలినా పడదని స్పష్టంగా రాయి. అదే ఈమెయిల్లో శాకాహారమనీ, గుడ్డు తింటుందనీ రాయి. ఈ రెండూ కలిపి నమోదు అయ్యాయో లేదో వాళ్ళ జవాబులో చూసుకో. ఒకటి రాసుకుని రెండోది వదిలేయడం మామూలే. అప్పుడు శాకాహారం పేరుతో పాస్తా వస్తుంది, లేకపోతే గ్లూటెన్ ఫ్రీ పేరుతో చేప వస్తుంది. ఆ జవాబు ప్రింటు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో.

డిన్నర్‌కి రెండు పద్ధతులుంటాయి. ఇష్టమొచ్చినప్పుడు వెళ్ళి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడం ఒకటి, రోజూ ఒకే టైముకి ఒకే టేబులు దగ్గర కూర్చోవడం ఇంకొకటి. మీరు రెండోదే తీసుకోండి. అల్లుడికి టైము కట్టుబాటు నచ్చకపోవచ్చు, అయినా ఒప్పించు. నేనిచ్చే సలహాలన్నిట్లోకీ ఇదే ముఖ్యం. మొదటి రోజు సాయంత్రం ఓ పావుగంట ముందే వెళ్ళి హెడ్ వెయిటర్‌ని కలిసి, పాపని చూపించి, ఆ ప్రింటు చేతికివ్వు. ఆ రాత్రి నుంచి భోజనం అయ్యాక ఆయన మర్నాటి మెనూ తెచ్చి పెడతాడు. తేకపోతే నువ్వే అడుగు. అందులోంచి పాపకి ఏం కావాలో ముందు రోజు రాత్రే చెప్పేయాలి.

ముందు రోజు చెబితే ఏమొస్తుందో చూడు. మర్నాడు టమాటా సూపు, రిసోట్టో ఉన్నాయనుకో. ఆ సూపు చిక్కబడటానికి చాలా వంటగదుల్లో వెన్నలో వేయించిన మైదా కలుపుతారు. రాత్రే చెబితే మైదా పడకముందే పాప కోసం ఒక గిన్నెడు పక్కకి తీస్తారు. అప్పటికప్పుడు అడిగితే అప్పటికే సూపంతా కలిసిపోయి ఉంటుంది, "సలాడ్ ఉంది మేడం" అంటారు. రిసోట్టో బియ్యంతో చేసేదే, కానీ అందులో పోసే స్టాకు, అంటే కూరగాయలు మరిగించిన రసం, పొడితో చేసిందైతే ఆ పొడిలో గోధుమ ఉండొచ్చు. ఆ సంగతి కనుక్కోవడానికి చెఫ్‌కి కూడా టైము కావాలి కదా. గ్లూటెన్ ఫ్రీ పాస్తా ఉందంటే సంతోషించి ఊరుకోకు, వేరే గిన్నెలో వేరే నీళ్ళలో ఉడికించమను. మామూలు పాస్తా ఉడికిన నీళ్ళలో వేస్తే ఇక దండగే.

టేబులు మీద బ్రెడ్ బుట్ట పెట్టొద్దని మొదటి రోజే చెప్పు. పాపకి విడిగా గ్లూటెన్ ఫ్రీ రోల్స్ అడుగు. చాలా ఓడల్లో అవి ఒక్కొక్కటి చుట్టిపెట్టి ఉంటాయి, అలాగే వేడి చేసి తెస్తారు. విప్పేది నీ ఎదురుగానే విప్పమను. ప్లేటు వచ్చాక "ఇది సీలియాక్ ప్లేటేనా" అని ప్రతిసారీ ఒక్క మాట అడుగు. సలాడ్‌లో బ్రెడ్ ముక్కలు పడితే ఏరేసి తెస్తాననే వెయిటర్లుంటారు. ఏరింది వద్దు, కొత్త ప్లేటు తెమ్మను.

ఇక మన తిండి సంగతి. నువ్వు దీని మీదే ఆశ పెట్టుకున్నావని నాకు తెలుసు. ఓడల్లో గోవా, ముంబై, కేరళ నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు బాగానే కనిపిస్తారు, చాలా ఓడల్లో రాత్రి పూట ఒక ఇండియన్ శాకాహార వంటకం కూడా ఉంటుంది. మనవాళ్ళు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ పాపకి అసలు జాగ్రత్త కావలసింది కూడా ఇక్కడే. ఎందుకంటావా? ఇంగువ. మీ వంటింట్లో ఉన్న ఇంగువ డబ్బా తిప్పి వెనక సన్న అక్షరాలు చదువు. అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురూ పిండీ. చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమపిండే. పప్పులో, సాంబారులో, రసంలో, పులిహోరలో వేసేది అదే. చెఫ్‌ని "గోధుమ ఉందా" అని అడిగితే "పప్పులో గోధుమెందుకుంటుంది మేడం" అని మనస్ఫూర్తిగా అంటాడు, అబద్ధం చెప్పాలని కాదు. కాబట్టి గోధుమ మాట కాకుండా ఇంగువ మాటే అడుగు, హిందీలో హింగ్ అను. ఇంట్లో డబ్బా కూడా మార్చు, బియ్యప్పిండితో చేసినవి దొరుకుతున్నాయి.

మిగతావి నీకు తెలిసినవే, అయినా అన్నీ ఒకచోట చెబుతాను. కోఫ్తాలు విడిపోకుండా మైదా కలుపుతారు. గోబీ మంచూరియాలో మైదాతో పాటు సోయా సాసు కూడా ఉంటుంది, మామూలు సోయా సాసులో గోధుమ ఉంటుంది. ఉప్మా, రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె, సేమ్యా దగ్గరికే పోవద్దు. మన బియ్యపు రవ్వ ఇడ్లీ మంచిదే గానీ ఓడలో ఇడ్లీ ఏ పిండితో చేశారో, రెడీమేడ్ మిక్సయితే ఆ ప్యాకెట్ మీద ఏముందో చూడాలి. వీటన్నిటి కన్నా తేలికైన దారి ఉంది. తెల్లన్నం, విడిగా ఉడికించిన పప్పు, దానికి శుభ్రమైన చిన్న గిన్నెలో నూనె, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో పోపు, ఇంగువ వద్దు. పక్కన పెరుగు. ముందు రోజు రాత్రి ఇలా వివరంగా చెబితే మన చెఫ్‌లు ఇష్టంగా చేసిపెడతారు. పప్పన్నం, పెరుగన్నం దొరికితే పాపకి ఇంకేం కావాలి!

బఫే గురించి నా అభిప్రాయం గట్టిది: పాపకి అక్కడ పండ్లు, పెరుగు తప్ప ఏవీ వద్దు, అవి కూడా తెరిచిన వెంటనే వెళ్ళి తీసుకుంటేనే. చీటీ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసే ఉంటుంది. పక్క గిన్నెలో పాస్తా వడ్డించుకున్న గరిటె ఈ గిన్నెలోకి రావడానికి నిమిషం పట్టదు. అమెరికాలో ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే పది లక్షల భాగాల్లో గ్లూటెన్ 20 లోపే ఉండాలి. బఫేలో చీటీ పెట్టిన గిన్నెని అలా ఎవరూ కొలవరు. పొద్దున టిఫిన్‌కి కూడా డైనింగ్ రూముకే వెళ్ళండి, శుభ్రమైన పెనం మీద ఆమ్లెట్ వేయించుకోవచ్చు. ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం జనమంతా బఫే మీద పడతారు. చాలా ఓడల్లో ఆ పూట డైనింగ్ రూము కూడా తెరిచే ఉంటుంది, ఎక్కగానే ఆ సంగతి కనుక్కో. ఫ్రెంచ్ ఫ్రైస్ బంగాళదుంపే కదా అనుకోవద్దు. బ్రెడ్ పొడి అద్దినవన్నీ వేగిన నూనెలోనే అవీ వేగుతాయి. వెజ్ బర్గర్ ప్యాటీల్లో కొన్నిటికి గోధుమ గ్లూటెనే ఆధారం.

పిల్లల క్లబ్బులో పేరు రాయించేటప్పుడే జబ్బు సంగతి ఫారంలో రాయి, అక్కడుండే అమ్మాయిలకి నోటితో కూడా చెప్పు. కుకీలు, పిజ్జా సరే, మరో సంగతి తట్టదు మనకి: పిల్లలు బొమ్మలు చేసే ప్లే-డో ముద్దలో గోధుమ ఉంటుంది. దానితో ఆడాక చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్ రాస్తే క్రిములు చస్తాయేమో గానీ గ్లూటెన్ పోదు. ఐస్‌క్రీం కప్పులో మాత్రమే, కొత్త డబ్బాలోంచి, కడిగిన స్కూపుతో. కోన్‌లకి తగిలిన స్కూపు వద్దు.

మీ ఓడ కొజుమెల్, కోస్టా మాయా, రోయటాన్ వెళ్తుందన్నావు. మొదటి రెండూ మెక్సికోలోవి, అక్కడ మొక్కజొన్న తోర్తియాలు, అంటే పల్చటి రొట్టెలు, దొరుకుతాయి. "మైస్" అంటే మొక్కజొన్నది, "హరీనా" అంటే గోధుమది. రెండూ ఒకే పెనం మీద కాల్చే చోట తినకండి. రోయటాన్ హోండురాస్ దేశపు దీవి, అక్కడ బలేయాదా అని చిక్కుడు గింజల ముద్ద పెట్టి మడిచిన రొట్టె అమ్ముతారు, అది గోధుమపిండిదే. సీలియాక్ సంగతి స్పానిష్‌లో రాసిన కార్డు ప్రింటు తీసుకెళ్ళు. దిగే ముందు ఓడలోనే కడుపు నిండా తినిపించి, బయట కొబ్బరినీళ్ళు, ప్యాకెట్ తిండితో సరిపెట్టడం నాకు నచ్చిన పద్ధతి. ఓడలోంచి పండ్లు మాత్రం ఒడ్డుకి తీసుకెళ్ళనివ్వరు.

సామాన్లలో రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టకు. వేడి చేసే పరికరాలు ఓడలోకి రానివ్వరు, సెక్యూరిటీలో తీసి ఉంచేస్తారు. ఇంట్లో చేసిన పచ్చళ్ళు, పులిహోర కూడా ఒప్పుకోరు. సీలు వేసిన ప్యాకెట్లయితే ఇబ్బంది లేదు. రైస్ నూడుల్స్ కప్పులు, వేడినీళ్ళు పోస్తే అయిపోయే అటుకులు, గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్న బిస్కట్లు పెట్టుకో. వేడినీళ్ళు టీ దగ్గర ఎప్పుడూ దొరుకుతాయి. జంతికలు కొనేటప్పుడు మళ్ళీ ఇంగువ చూసుకో.

మీ అత్తగారు కూడా వస్తున్నారు కదా. "ఒక్క ముక్క తింటే ఏమవుతుందమ్మా, పసిపిల్ల ఆశగా చూస్తోంది" అని కేకు ముక్క చేతిలో పెట్టేదాకా ఆగకు. బయల్దేరకముందే కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పు. ఇది వేడి చేయడం లాంటిదో, అరగకపోవడమో కాదు, ఆ ముక్క లోపలికి పోతే పాప ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది, పైకి కడుపునొప్పి కనిపించకపోయినా సరే. మన వైపు ఇది అంతగా వినని జబ్బు, ఉత్తరాదిన గోధుమ తినేచోట ఎక్కువ తెలుసు. షుగర్ వచ్చిందంటే అన్నం మాని చపాతీ తినమని చెప్పుకునే ఇళ్ళు మనవి. గోధుమ విషమంటే ఆవిడకి వింతగానే ఉంటుంది, కోప్పడకు. పాపకి ఏమేం పెట్టొచ్చో ఆవిడకే ఒప్పజెప్పు, నీ కన్నా జాగ్రత్తగా చూస్తారు.

ఎంత చూసినా ఎక్కడో తగిలిందనుకో, దానికి విరుగుడు మందు లేదు. నీళ్ళు, ఓఆర్ఎస్, తెల్లన్నం, విశ్రాంతి. కానీ వాంతులు, విరేచనాలు మొదలైతే మనమే నిర్ణయించుకోకుండా ఓడ డాక్టరుకి చూపించు. ఓడల్లో నోరోవైరస్ కూడా అలాగే ఉంటుంది, అది అంటువ్యాధి. డాక్టరుకి మొదటి మాటగా సీలియాక్ అని చెప్పు. ఓడలో వైద్యం ఖరీదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

దిగే రోజు పొద్దున అంతా హడావుడి, డైనింగ్ రూములో నిదానంగా చెప్పుకునే వీలుండదు. ముందు రాత్రే పాప టిఫిన్ సంగతి మాట్లాడుకో, ఒక ప్యాకెట్ దాచి ఉంచు. గాల్వెస్టన్ నుంచి డాలస్ దాకా ఐదు గంటల డ్రైవు కూడా ఉంది.

కంపెనీ వాళ్ళ జవాబు రాగానే నాకు ఫార్వర్డ్ చెయ్యి, ఏమైనా వదిలేశారేమో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ